చేతికందే పండ్ల చెట్టు: పెరట్లో నాటడం నుంచి కోత దాకా

పెద్ద తోటలో మామిడి ముప్పై అడుగులు పెరిగినా ఫర్వాలేదు. అక్కడ నిచ్చెనలు, స్ప్రేయర్లు, కోతకు మనుషులు ఉంటారు. ఇంటి పెరట్లో మనకు ఉండేవి రెండు చేతులు, ఓ స్టూలు. అంత ఎత్తున కాసిన కాయ ఉడతలపాలే. అక్కడ పట్టిన పురుగు మన కంట పడదు, పడినా మందు అంత పైకి చేరదు. అందుకే ఇంటి చెట్టు ఎనిమిది పది అడుగులు దాటకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు కిటుకని నా అభిప్రాయం. చోటు వెతకడం, మొక్క ఎంచుకోవడం, కత్తిరించడం అన్నీ ఆ లెక్కతోనే చేయాలి.

ముందు చోటు

పండ్ల చెట్టుకు రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగలాలి. ఎనిమిదైతే ఇంకా మంచిది. నీడలో చెట్టు బతుకుతుంది, ఆకులు కూడా పచ్చగానే ఉంటాయి, కానీ కాయదు. ఒక్కపూట చూసి చోటు ఖాయం చేసుకోవద్దు. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే దారిలో నడవడు కాబట్టి వేసవిలో ఎండగా ఉన్న మూల చలికాలంలో గోడ నీడలోకి జారిపోవచ్చు.

ఎండ తర్వాత చూడాల్సింది నీరు ఇంకే గుణం. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఆ నీళ్లు ఇంకాక మళ్లీ నింపి, గంట తర్వాత కొలవండి. మట్టం అంగుళమో అంతకన్నా ఎక్కువో తగ్గితే ఏ మొక్కైనా పెట్టుకోవచ్చు. మర్నాటికి కూడా నీరు నిలిచే ఉంటే అక్కడ గుంత తీయడం దండగ. అడుగు, అడుగున్నర ఎత్తు, నాలుగైదు అడుగుల వెడల్పు ఉండేలా మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. బొప్పాయి వేళ్ల దగ్గర ఒకటి రెండు రోజులు నీరు నిలిచినా మొక్క కుళ్లిపోతుంది. జామ, నేరేడు కొంత తట్టుకుంటాయి.

దూరాలు కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి. జామ, నిమ్మ, దానిమ్మ, సీతాఫలానికి చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎనిమిది నుంచి పది అడుగులు, కత్తిరించి చిన్నగా ఉంచే మామిడి, సపోటాకు పన్నెండు నుంచి పదిహేను అడుగులు వదలాలి. గోడకు, సెప్టిక్ ట్యాంకుకు, నీటి పైపులకు వీలైనంత ఎడంగా ఉంచండి. తలెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. పనస, నేరేడు పెద్ద వృక్షాలు. చిన్న పెరడుకు అవి తగవు.

ఏ మొక్క, ఎలాంటి మొక్క

తొందరగా కాయాలంటే బొప్పాయి పెట్టండి, నాటిన ఎనిమిది పది నెలల్లో పండుకు వస్తుంది. అంటు జామ రెండో ఏట, దానిమ్మ రెండు మూడేళ్లకు, నిమ్మ, సీతాఫలం మూడో ఏడాదికి కాస్త అటూ ఇటూగా, అంటు మామిడి, సపోటా మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెడతాయి. టెంక పెట్టి పెంచిన మామిడి అయితే కాపుకు రావడానికి ఐదు నుంచి ఎనిమిదేళ్లు పట్టవచ్చు. అప్పుడు కూడా తల్లిచెట్టు రుచే వస్తుందన్న గ్యారంటీ లేదు. మామిడి, జామ, సపోటా అంటు మొక్కలే కొనమని చెప్పేది అందుకే. నిమ్మ విషయం వేరు. దాని గింజలో తల్లి కణజాలం నుంచే పుట్టిన పిండాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మొలకలు చాలావరకు తల్లిని పోలే వస్తాయి.

మామిడిలో చిన్న పెరటికి ఆమ్రపాలి నాకు బాగా నచ్చుతుంది. దశేరి, నీలం రకాలను కలిపి తయారుచేసిన ఈ రకం సహజంగానే పొట్టిగా పెరుగుతుంది, ఏడాది విడిచి ఏడాది కాకుండా దాదాపు ప్రతి ఏటా కాస్తుంది. ఆపిల్, పియర్ మీద మనసు పడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. వాటి మొగ్గలు విచ్చుకోవాలంటే చలికాలంలో దాదాపు ఏడు డిగ్రీల కంటే తక్కువ ఉష్ణోగ్రతలో కొన్ని వందల గంటలు గడవాలి. ఆ చలి లేనిచోట తక్కువ చలి చాలే రకాలు తప్ప మామూలువి ఆకులతోనే సరిపెడతాయి.

ఒంటరి చెట్టు కాయని సందర్భాలు కూడా ఉన్నాయి. మామూలు బొప్పాయి రకాల్లో ఆడ, మగ చెట్లు వేరువేరు. ఉన్న స్థలంలో ఒకటి రెండే పెట్టాలంటే ద్విలింగ పూలు, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉండేవి, ఇచ్చే రకం తీసుకోండి. ఉసిరి కూడా పక్కన ఇంకో ఉసిరి రకం ఉంటేనే బాగా కాస్తుంది.

నర్సరీలో అన్నిటికన్నా ఎత్తైన మొక్క వైపే చెయ్యి పోతుంది. ఆపుకోండి. రెండు మూడు అడుగుల ఎత్తులో, కాండం బలంగా, అంటు కట్టిన అతుకు బాగా కలిసిపోయి ఉన్న మొక్క తీసుకోండి. కవర్లోనే కాయలు వేలాడుతున్న మొక్క చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ వేళ్లకు పోవాల్సిన బలం ఆ కాయ తినేసి ఉంటుంది. కవరు అడుగున వేళ్లు బయటికి పొడుచుకొచ్చి లావెక్కాయంటే ఆ మొక్క చాలాకాలంగా అందులోనే ఉండి, లోపల వేళ్లు గుండ్రంగా చుట్టుకున్నట్టు. తెచ్చిన మొక్కను వెంటనే నాటకుండా వారం రోజులు పలచటి నీడలో పెట్టి ఇంటి గాలికి అలవాటు పడనివ్వండి.

గుంత

వానలు మొదలై నేల మెత్తబడిన సమయం నాటడానికి అనువైనది. గుంతలు మాత్రం రెండు మూడు వారాల ముందే తీసి ఎండకు వదిలేయాలి. మామిడి, సపోటాకు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు, జామ, నిమ్మ, దానిమ్మకు రెండేసి అడుగులు చాలు. తవ్వేటప్పుడు పైమట్టిని ఒక పక్కకు, అడుగు మట్టిని ఇంకో పక్కకు వేయండి. నింపేటప్పుడు పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు ఇరవై కిలోలు, వేపపిండి ఒక కిలో, భాస్వరం ఎరువైన సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అరకిలో కలిపి వేయాలి. పచ్చి పేడ వద్దు. అది గుంతలో మగ్గేటప్పుడు వేడి పుట్టి లేత వేళ్లు మాడిపోతాయి, చెదలు, వేరుపురుగులు కూడా చేరతాయి.

బంకమట్టి నేలల్లో ఈ పద్ధతిని కాస్త మార్చుకోవాలి. చుట్టూ గట్టి బంకమట్టి ఉండగా గుంత నిండా ఇసుక, కంపోస్టు లాంటి వదులు మిశ్రమం పోస్తే అది నీళ్ల తొట్టిలా తయారవుతుంది. వాన నీరంతా అందులోకే దిగి బయటికి పోలేదు. పైగా వేళ్లు ఆ మెత్తటి మట్టి దాటి పోవడానికి బద్ధకిస్తాయి. అలాంటి చోట లోతు తగ్గించి వెడల్పు పెంచండి, తవ్విన మట్టినే ఎక్కువగా వాడండి, ఎరువును నాలుగోవంతుకు మించనివ్వకండి.

నింపిన గుంత నేల కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. ఒకటి రెండు వానలు పడితే అది కుంగి సర్దుకుంటుంది. అప్పుడే నాటాలి.

నాటే రోజు

మబ్బు పట్టిన రోజు, లేదా సాయంత్రం పూట పెట్టుకోండి.

1. మొక్క కవరును గంట ముందే బాగా తడపండి. పొడిగా ఉంటే మట్టిగడ్డ విడిపోయి వేళ్లు తెగుతాయి.
2. గుంత మధ్యలో మట్టిగడ్డ పట్టేంత చోటే తవ్వండి. కవరును పక్కల నుంచి బ్లేడుతో కోసి తీయండి, మొక్కను కాండం పట్టుకుని లాగొద్దు.
3. వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే మట్టిగడ్డ పక్కల మూడు చోట్ల పైనుంచి కిందికి గాటు పెట్టి, వేళ్లను బయటి వైపుకు విడదీయండి. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు అవి లావెక్కి కాండాన్నే బిగించేస్తాయి.
4. కవర్లో మొక్క మొదలు ఏ మట్టానికి ఉందో నేలలోనూ అంతే ఉండాలి. అంటు అతుకు నేలకు నాలుగు నుంచి ఆరు అంగుళాలు పైనే ఉండాలి. అతుకు మట్టిలో కూరుకుపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది, పై కొమ్మ సొంతంగా వేళ్లు కూడా వేయవచ్చు.
5. చుట్టూ మట్టి వేసి అరచేతులతో నొక్కండి. కాలితో తొక్కితే మట్టి గట్టిపడుతుంది. వెంటనే పది లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి. మట్టి దిగిన చోట మళ్లీ నింపండి.
6. గాలి వీచే వైపు ఒక కర్ర పాతి, మెత్తటి గుడ్డతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ఏడాది తర్వాత కర్ర తీసేయాలి. గాలికి కొంచెం ఊగితేనే కాండం లావెక్కుతుంది.

అతుకు మీద ప్లాస్టిక్ టేపు ఇంకా ఉంటే చూసుకుని విప్పేయండి. ఇది మర్చిపోయేవాళ్లు చాలామంది. టేపు కాండంలోకి దిగబడితే మొక్క అక్కడే విరుగుతుంది.

నీళ్లు

లేత మొక్కకు మొదటి నెల రెండు మూడు రోజులకోసారి ఎనిమిది పది లీటర్లు, తర్వాత క్రమంగా వారానికోసారి ఎక్కువ నీళ్లు పెట్టాలి. రోజూ చెంబెడు పోస్తే పై రెండంగుళాలే తడుస్తాయి, వేళ్లు అక్కడే తిరుగుతూ ఉంటాయి. లోతుగా తడిపి, పైన ఆరనిస్తే వేళ్లు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. వాన పడిన వారం పోయనక్కర్లేదు. ఎప్పుడు పోయాలో తెలియకపోతే మూడంగుళాలు మట్టి గీకి చూడండి, చల్లగా తడి తగిలితే ఆగండి.

నీరు ఎక్కువైన మొక్క కూడా నీరు లేని మొక్కలాగే ఆకులు వాలుస్తుంది. అది చూసి టెన్షన్ పడి ఇంకో బకెట్ పోస్తే ఆ మొక్క పని అయిపోయినట్టే. ఆకులు వాలి, మట్టి తడిగా ఉందంటే వేళ్లకు గాలి ఆడటం లేదని అర్థం.

పాదు మొదలుకు ఆనుకుని ఉండకూడదు. కాండం చుట్టూ అడుగు వెడల్పు మట్టిని ఎగదోసి, దాని బయట నీటి పాదు చేయండి. నీరు కాండానికి తగలకపోతే మొదలు కుళ్లు బెడద చాలా తగ్గుతుంది. ముఖ్యంగా నిమ్మ, బత్తాయికి ఇది తప్పనిసరి. చెట్టు పెరిగేకొద్దీ పాదును కొమ్మల చివర్ల కిందిదాకా జరుపుతూ పోవాలి. నీరు, ఎరువు పీల్చే సన్నటి వేళ్లు ఎక్కువగా ఉండేది అటువైపే. పాదులో ఎండుటాకులు, గడ్డి మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. కాండానికి జానెడు దూరం మాత్రం ఖాళీగా వదలండి.

కాపుకొచ్చిన మామిడికి పూతకు ముందు రెండు నెలలు నీళ్లు ఆపాలి. అప్పుడు నీళ్లు పెడితే పూతకు బదులు చిగురు వస్తుంది. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి. దానిమ్మకు కావాల్సింది నిలకడ. కాయ ఊరే సమయంలో కొన్నాళ్లు ఎండగట్టి ఒక్కసారిగా నీళ్లు వదిలితే కాయలు పగులుతాయి.

కత్తిరింపులు

చెట్టు ఎత్తును నిర్ణయించేది మొదటి మూడేళ్ల కత్తెరే. నాటిన మొక్క నిలదొక్కుకుని కొత్త చిగురు వేశాక, నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచేయాలి. చక్కగా పెరుగుతున్న మొక్క తల తీయడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ ఇది చేయకపోతే ఆరడుగుల ఎత్తున గానీ మొదటి కొమ్మ రాదు, అక్కడి నుంచి చెట్టు మన చేతుల్లో ఉండదు.

తల తుంచాక వచ్చే చిగుళ్లలో నాలుగు దిక్కులకు పోయేవి మూడు నాలుగు ఉంచండి. అన్నీ ఒకేచోట పుట్టకుండా ఒకదానికొకటి నాలుగైదు అంగుళాలు పైకీ కిందికీ ఉండాలి. మామిడిలో ఆకులు గుంపుగా ఉన్న కణుపు మీద కోస్తే అక్కడినుంచే అరడజను చిగుళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఆ గుంపుకు కొంచెం కింద కోస్తే ఎడంగా వస్తాయి. ఈ కొమ్మలు రెండడుగులు పెరగ్గానే మళ్లీ చివర్లు తుంచాలి. ఒక్కోదానికి రెండు మూడు పిల్లకొమ్మలు వస్తాయి. ఇలా మరోసారి చేస్తే మూడో ఏటికి గొడుగులా పరుచుకున్న పొట్టి చెట్టు తయారవుతుంది.

కొమ్మ కాండంతో చేసే కోణం కూడా చూడాలి. ఇరుకుగా నిట్టనిలువుగా పోయే కొమ్మ కాయల బరువుకు చీలిపోతుంది. లేతగా ఉన్నప్పుడే మధ్యలో చిన్న పుల్ల అడ్డం పెట్టి గానీ, తాడుతో కిందికి లాగి కట్టి గానీ ఎడం చేయండి. అంటు అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను కనపడిన రోజే గిల్లేయాలి. అవి అంటు కట్టడానికి అడుగున వాడిన నాటు మొక్కవి. వదిలేస్తే అవే బలపడి, మీరు కొన్న రకం పోయి నాటు చెట్టు మిగులుతుంది.

తర్వాత ఏటా చేసే కత్తిరింపు చెట్టును బట్టి మారుతుంది. జామ, సీతాఫలం కొత్త చిగురు మీదే పూస్తాయి కాబట్టి కొమ్మలను మూడోవంతు దాకా తీసేసినా మళ్లీ కాస్తాయి. మామిడి ముదిరిన కొమ్మ చివర పూస్తుంది, అందుకే దానికి కోత అయిన వెంటనే తప్ప పూత ముందు కత్తెర తగిలించకూడదు. నిమ్మలో ఎండుపుల్లలు, ముళ్లతో నిలువుగా దూసుకుపోయే నీటి కొమ్మలు తీస్తే చాలు. దానిమ్మ మొదట్లో మూడు నాలుగు కాండాలు ఉంచి మిగతా పిలకలు తీసేయండి. సపోటాకు పెద్దగా పని ఉండదు.

లావు కొమ్మను ఒక్క దెబ్బలో కోయొద్దు, బరువుకు బెరడు ఊడిపోతుంది. ముందు కొమ్మ అడుగున కాండానికి అడుగు దూరంలో సగానికి లోపే గాటు పెట్టి, దానికి కాస్త అవతల పైనుంచి కోసి కొమ్మను పడేయండి. మిగిలిన మోడును మొదట్లోని ఉబ్బెత్తు భాగం దెబ్బతినకుండా దాని అంచున కోయాలి. గాయం మానేది ఆ ఉబ్బు నుంచే. కోసిన చోట బోర్డో పేస్టు రాయండి: లీటరు నీటికి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. రెంటినీ సగం సగం నీటిలో వేరువేరుగా కరిగించి, ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలోనే కలపాలి.

ఇప్పటికే చేయి దాటిపోయిన చెట్టు ఉంటే ఒకే ఏడాదిలో నరికి కూర్చోపెట్టకండి. ఏటా మూడోవంతు చొప్పున మూడేళ్లలో దించండి. హఠాత్తుగా ఎండ తగిలిన కాండం బెరడు కాలిపోకుండా సున్నం పూయండి.

ఎరువులు

నాటిన ఏడాది గుంతలో వేసింది చాలావరకు సరిపోతుంది. రెండో ఏడాది నుంచి చెట్టుకు పది కిలోల పశువుల ఎరువు, కిలో వేపపిండితో మొదలుపెట్టి, ఏటా కాస్త పెంచుతూ యాభై కిలోల దాకా వెళ్లవచ్చు. రసాయన ఎరువులు వాడేవాళ్లకు మామిడిలో లెక్క సులువు. మొదటి ఏడాది నత్రజని, భాస్వరం, పొటాష్ వంద గ్రాముల చొప్పున వేసి, ఏటా మరో వంద పెంచుతూ పదో ఏటికి కిలో చొప్పున ఇస్తారు. వంద గ్రాముల నత్రజని అంటే సుమారు 220 గ్రాముల యూరియా, అంతే భాస్వరానికి 625 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, పొటాష్‌కు 170 గ్రాముల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్. కత్తిరించి చిన్నగా ఉంచిన చెట్టుకు ఇందులో సగం చాలు. యూరియా ఎక్కువైతే ఆకు విరగబడుతుంది, పూత తగ్గుతుంది, రసం పీల్చే పురుగులు లేత చిగురు వెతుక్కుంటూ వస్తాయి.

ఆకులు పసుపు అయ్యాయంటే ఏ ఆకులో చూడండి. ముదురాకులు ముందు పాలిపోతే నత్రజని చాలడం లేదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుమో జింకో తక్కువ. నిమ్మ జాతిలో ఇది తరచూ కనిపిస్తుంది. జింక్ లోపానికి లీటరు నీటికి ఐదు గ్రాముల జింక్ సల్ఫేట్, రెండున్నర గ్రాముల సున్నం కలిపి చిగురు మీద పిచికారీ చేస్తారు.

పూత, పిందె రాలడం

మొదటి రెండేళ్లు మామిడిలో వచ్చిన పూతను తుంచేయండి. జామకు ఒక్క ఏడాది చాలు. ఆ తర్వాత పూత రాలుతోందని బెంగ పడాల్సిన పని లేదు. మామిడి పూగుత్తిలో వందలు, ఒక్కోసారి వేల పూలు ఉంటాయి. వందలో ఒకటి కూడా కాయగా నిలవదు, అది మామూలే. పిందె గోళీకాయంత అయ్యాక గంపలకొద్దీ రాలితేనే నీటి ఎద్దడో, పురుగో కారణమని వెతకాలి. పూలు విచ్చుకున్నాక ఏ మందూ కొట్టొద్దు, తేనెటీగలు చస్తాయి.

సీతాఫలం పూసీ కాయకపోతే కారణం పువ్వులోనే ఉంటుంది. ఒకే పువ్వు ముందు ఆడగా, తర్వాత మగగా మారుతుంది. పూర్తిగా విచ్చుకున్న పువ్వు పుప్పొడిని మెత్తటి కుంచెతో తీసి, సగమే విచ్చుకున్న పువ్వు మధ్యలో అద్దండి. ఉదయం పూట చేస్తే కాయ బాగా పడుతుంది.

పురుగులు, తెగుళ్లు

చెట్టు చేతికందే ఎత్తులో ఉంటే సగం పురుగుల్ని చేత్తోనే ఏరేయొచ్చు. నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించేది సీతాకోకచిలుక గొంగళి. ఏరి పారేస్తే సరి. తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పిండినల్లి ఉన్నచోట చీమల బారులు ఉంటాయి, వాటిని తరిమితే నల్లి కూడా అదుపులోకి వస్తుంది. కాండానికి అడుగు వెడల్పు పాలిథిన్ పట్టీ బిగించి దాని మీద గ్రీజు పూయండి. మిగిలిన నల్లికి లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి.

మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలితే ఆకులు జిగురుగా మారి, తర్వాత నల్లటి మసి పడుతుంది. గుబురుగా గాలి ఆడని చెట్లలోనే ఇది ఎక్కువ. తెల్లటి పొడిలా బూడిద తెగులు కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు. ఎండ బాగా మండేటప్పుడు, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం వాడితే ఆకులు మాడతాయి.

పండు ఈగ అన్నిటికన్నా మొండిది. కాయలో గుడ్లు పెట్టాక ఏ మందూ లోపలికి పోదు. రాలిన కాయల్ని అలా వదిలేయకుండా ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పడేయండి, మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టండి, అవి మగ ఈగల్ని లాగేస్తాయి. ఇంటి చెట్టుకు అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి కాయకు కాగితం సంచి తొడగడం. కాయ కోడిగుడ్డంత అయ్యాక తొడిగితే ఈగ, పక్షి రెండూ దరి చేరవు. పది అడుగుల చెట్టుకు ఇది ఒక సాయంత్రం పని.

కాండం దగ్గర రంపపు పొట్టు రాలుతుంటే లోపల తొలిచే పురుగు ఉన్నట్టు. రంధ్రంలో ఇనుప తీగ దూర్చి పురుగును చంపి, కిరోసిన్‌లో తడిపిన దూది కుక్కి బంకమట్టితో మూసేయండి.

కోత

మామిడిలో తొడిమ దగ్గర భుజాలు నిండుగా ఉబ్బితే కాయ తయారైనట్టు. తొడిమ కాస్త ఉంచి కోయండి, సొన కారి మచ్చలు పడవు. సపోటా తొక్కను గోటితో గీకితే లోపల ఆకుపచ్చ కనిపించకూడదు. సీతాఫలం కళ్లు విచ్చి మధ్య సందులు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. దానిమ్మను వేలితో తడితే గట్టి లోహపు చప్పుడు వస్తుంది. బొప్పాయికి ఒక పసుపు చార కనపడితే చాలు, ఇంట్లో పండుతుంది.

మామిడి కోత ముగిసిన పది పదిహేను రోజుల్లోపు ఎండిన పూగుత్తులు, లోపలికి పెరిగిన కొమ్మలు తీసేసి, ఎరువు వేసి నీళ్లు పెట్టండి. ఇది ఆలస్యమైతే కొత్త చిగురు కూడా ఆలస్యంగా వస్తుంది, పూత సమయానికి అది ముదరదు, లేత చిగురు మీద మామిడి పూయదు.